పేర్రాజు కడిగిన ఇసుక

పేర్రాజుకి ఇసుక కనిపిస్తే చాలు, కడగాల్సిందే. అది అలవాటో, జబ్బో, భక్తో ఇంట్లో ఎవరూ తేల్చలేకపోయారు. కాకినాడ జగన్నాథపురం వంతెన దాటాక, ఉప్పుటేటి గాలి తగిలే ఒక సందులో ఆయనకి రంగుచేపల షెడ్డు ఉంది. షెడ్డు వెనకే ఇల్లు. ఏ తొట్టెలో పోసే ఇసుకైనా ముందు ఆయన బేసిన్లో పడాలి. ఆయన కుడిచెయ్యి అడుగునుంచి దాన్ని తోడి, గుండ్రంగా తిప్పి, చివర్లో మణికట్టు కాస్త విరిచి మడ్డిని పక్కకి నెట్టేస్తుంది. నీళ్ళు తేటపడేదాకా అదే వరస. పెళ్ళయిన కొత్తలో భార్య మాణిక్యం అది చూసి, "ఆ చేత్తోనే బియ్యం కూడా కడిగెయ్యకూడదూ" అని వేళాకోళమాడింది. ఆ రోజు నుంచీ బియ్యమూ ఆయనే కడుగుతున్నాడు.

అలాంటి మనిషికి ఒక తొట్టెడు ఇసుక అప్పజెప్పి, "అన్నయ్యా, దీన్ని మాత్రం కడక్కు" అని ఒక్క ముక్క చెప్పేసి చెల్లెలు సుభాషిణి హైదరాబాదు రైలెక్కేసింది.

సుభాషిణిది పదార్థాల చదువు. పెద్ద పరిశోధనశాలలో పనిచేసేది. ఇసుకకి జ్ఞాపకం నేర్పిస్తానంటే అక్కడివాళ్ళు నవ్వారు. దాంతో ఆవిడకి ఒళ్ళు మండి, పెట్టె సర్దుకుని వచ్చేసి, అన్నయ్య షెడ్డులో సగానికి నీలం టార్పాలిన్ కట్టి ఇదే నా ప్రయోగశాల అంది. పేర్రాజు కాదనలేదు సరికదా, టార్పాలిన్ మీద 'చెప్పులు విడిచి రావలెను' అని పెయింటుతో రాయించాడు.

ఆ టార్పాలిన్ వెనక ఉన్నవి నీలిబుగ్గలు. అవి సిక్లిడ్ జాతి చేపలు. తూర్పు ఆఫ్రికాలో ఒక చిన్న సరస్సులో తప్ప ఇంకెక్కడా పుట్టలేదు. ఆ సరస్సు కాస్తా ఎండిపోయింది. ఎండకముందు పట్టుకొచ్చిన చేపల పిల్లలు, వాటి పిల్లలు, అన్నీ గాజుతొట్టెల్లోనే పుట్టి పెరిగాయి. ఇప్పుడు ఈ భూమ్మీద మిగిలినవి మూడంటే మూడు మగచేపలు, గుప్పెడు ఆడచేపలు. మత్స్య సంరక్షణ కేంద్రం నుంచి గోపీనాథ్ అనే అధికారి వాటిని సంచుల్లో పోసి, దారంతా ఒళ్ళోనే పెట్టుకుని తెచ్చి పేర్రాజు చేతిలో పెట్టాడు. "ఎలాగోలా వీటిచేత గుడ్లు పెట్టించండి పేర్రాజుగారూ, అంతకన్నా ఏమీ అడగను" అన్నాడు.

గుడ్లు పెట్టాలంటే మగచేప ముందు ఇల్లు కట్టాలి. నోటితో ఇసుక తెచ్చి, ఉమ్మి, మళ్ళీ తెచ్చి, ఉమ్మి, ఒక కుప్ప లేపాలి. కుప్ప నెత్తిన చదునుగా అరుగు చెయ్యాలి. ఆ అరుగు నచ్చితే ఆడచేప వచ్చి గుడ్లు పెడుతుంది, వెంటనే వాటిని నోట్లోకి తీసుకుని అక్కడే పొదుగుతుంది. నచ్చకపోతే మొహం తిప్పుకుని పోతుంది. మాణిక్యం ఇదంతా విని, "ఆ పాటి తెలివి నాకుంటే ఈ షెడ్డు చూసి పెళ్ళికి ఒప్పుకుందునా" అంది.

అందుకని అన్నాచెల్లెళ్ళు ముందు ఇసుక మీద పడ్డారు. మొదట గోదావరి ఇసుక తెచ్చారు. రేణువుల అంచులు పదునుగా ఉన్నాయి. ఒక మగచేప నోట్లోకి తీసుకుని వెంటనే ఉమ్మేసి, మళ్ళీ ఆ పక్కకి వెళ్ళలేదు. పైగా నిమ్మరసం చుక్క వేస్తే ఆ ఇసుక ఉలకలేదు, పలకలేదు. అంటే సున్నం లేదన్నమాట, ఈ చేపలకి కావలసిన గట్టినీళ్ళు దానితో తయారుకావు. ఉప్పాడ నుంచి సముద్రపు ఇసుక తెస్తే ఎన్ని నీళ్ళు మార్చినా ఉప్పు వదల్లేదు. ఆఖరికి గుల్లలు దంచి, జల్లించి, మరీ ముతకా మరీ మెత్తనా తీసేసి, చేప నోట్లో ఇమిడే రేణువు మటుకు ఉంచుకున్నారు. దానిమీద నిమ్మచుక్క పడగానే బుసబుసా పొంగింది. చేపలు దాన్ని నోట్లో పుక్కిలించి మొప్పల్లోంచి వదులుతూ హాయిగా ఆడుకున్నాయి. పేర్రాజు ఆనందం పట్టలేక ఆ రోజు ఇంట్లో బూరెలు వండించాడు.

ఆడుకున్నాయే గాని కట్టలేదు. ఏ తండ్రైనా కడుతుంటే చూసిన చేపలు కావాయె.

"చేపకి తెలీనప్పుడు ఇసుకకి తెలియాలి" అంది సుభాషిణి.

ఉప్పుటేట్లో గుల్లల మీద పట్టే ఒక జిగురు పాచి ఆవిడ కంట్లో పడింది. దాని పూత పట్టిన రేణువులు ఒకదాన్నొకటి ఏ దారిన రాసుకుంటే ఆ దారిని గుర్తుపెట్టుకుంటాయి. గట్టినీళ్ళలో ఉంచి కాస్త ప్రవాహం తగిలిస్తే మళ్ళీ ఆ దారినే కదులుతాయి. కరెంటుతో ఆడే ఒక చిన్న మరచెయ్యి పెట్టి అదేపనిగా కుప్ప పోయిస్తే ఇసుక ఆ కుప్పని నేర్చుకుంటుందని, సగం లేచిన కుప్పని చూస్తే మగచేపకి మిగతా సగం కట్టాలని పుడుతుందని ఆవిడ ఊహ. వెడల్పాటి ఫైబరు తొట్టె నిండా గుల్ల ఇసుక పోసి పూత పట్టించింది. అది అయిన కొద్ది రోజులకే సీసాల్లో పెంచుతున్న పాచి కుళ్ళిపోయింది. మళ్ళీ ఏరంతా గాలించినా అటువంటిది దొరకలేదు. కాబట్టి ఉన్నది ఆ ఒక్క తొట్టెడు ఇసుకే. ఆ మరచెయ్యి తెచ్చుకోవడానికే ఆవిడ హైదరాబాదు వెళ్ళింది. అక్కడ మరచెయ్యి చేసేవాడు రేపు మాపు అంటూ నెలపైన తిప్పాడు.

ఆఖరికి దాన్ని చేతబట్టుకుని సుభాషిణి తిరిగొచ్చేసరికి పేర్రాజు గుమ్మంలోనే ఉన్నాడు. మొహం చూస్తేనే తెలిసిపోతోంది.

"ముందు కాఫీ తాగు అమ్మడూ" అన్నాడు.

"ఏం చేశావన్నయ్యా?"

"ఏమీ లేదు. తొట్టెలోనే కొంచెం కడిగాను."

"కొంచెమంటే?"

"రోజూనూ. పొద్దునా, సాయంత్రమూ." ఆయన గొంతు తగ్గించాడు. "ఎంతకీ తేటపడదేం ఆ నీళ్ళు? పాలు కలిపినట్టున్నాయి. నా షెడ్డులో అలాంటి తొట్టె ఉంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు చెప్పు. ఇవాళ తేటపడుతుంది, రేపు తేటపడుతుంది అని..."

సుభాషిణి పెట్టె అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తింది. వదిన మాణిక్యం కాఫీ గ్లాసుతో వెనకే వచ్చింది. పూత కొంతైనా మిగిలిందో లేదో చూద్దామని సుభాషిణి పంపు స్విచ్చి వేసింది. నీళ్ళు మెల్లగా కదిలాయి. ఆ వెనకే అడుగున ఇసుక కూడా కదిలింది.

అది నీళ్ళ వెంట కొట్టుకుపోవడం కాదు. అడుగునుంచి పైకి లేచింది, గుండ్రంగా తిరిగింది, చివర్లో ఒక పక్కకి చిన్నగా విసిరినట్టు ఒరిగి, మళ్ళీ అడుగునుంచి లేచింది. తిరుగుతూ తిరుగుతూ మధ్యలో కుప్ప పడుతోంది. మాణిక్యం గ్లాసు కింద పెట్టేసి దూరంనుంచే దండం పెట్టింది.

"ఇందులో ఏదో ఉందే సుభా. మనం దీన్ని ఏట్లో కలిపేద్దాం."

"ఉన్నది మీ ఆయన చెయ్యే వదినా" అంది సుభాషిణి. ఆవిడకి నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. "చూడు, ఆ మణికట్టు విరుపు చూడు. ఇసుక నేర్చుకుంది. నేను చెప్పింది నిజమే. అందరూ నవ్వారే, చూడమను ఇప్పుడొచ్చి."

వదినని పట్టుకుని గిరగిరా తిప్పేసింది. పేర్రాజు మటుకు తొట్టె అంచు పట్టుకుని, తన చెయ్యి లేకుండానే తిరుగుతున్న తన చేతి తీరుని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఆ సంబరంలో సాయంత్రందాకా ఎవరికీ అన్నం మాట గుర్తులేదు.

సాయంత్రానికి సుభాషిణికి అసలు సంగతి తలకెక్కింది. ఇసుక నేర్చుకున్న మాట నిజమే, కాని నేర్చుకున్నది చేప ఇల్లు కాదు, అన్నయ్య కడుగుడు. దాన్ని ఒక్కసారిగా మరిపించాలంటే మరుగునీళ్ళు పొయ్యాలి. ఒకసారి మరిగిస్తే పూత ఓర్చుకుంటుంది, రెండోసారికి ఊడిపోతుంది. అంటే ఇంకొక్క అవకాశం ఉంది. ఆ మాట వినగానే పేర్రాజు తప్పు దిద్దుకునే తొందరలో పెళ్ళిళ్ళకి వంటచేసే గుండిగ అద్దెకి తెచ్చి పెరట్లో పొయ్యి మీదకి ఎక్కించాడు.

నీళ్ళు కాగాయి. పేర్రాజు చెంబు ముంచబోయాడు. చెంబు చేతిలోంచి జారిపోయింది. వంగి తియ్యబోయాడు, చెయ్యి ముందుకి రాలేదు. "మాణిక్యం" అని పిలిచాడు గాని ఆ పిలుపులో మాట మాటలా లేదు. ఆవిడ వచ్చేసరికి ఆయన గోడకి జారగిలబడి ఉన్నాడు.

పక్షవాతం. ప్రాణం దక్కింది, మూతి వంకర సర్దుకుంది, కాలు ఈడుస్తూ నడవగలుగుతున్నాడు. కుడిచెయ్యి మాత్రం పోయింది. కదలిక లేదు, స్పర్శ లేదు. మొదటి నెలల్లో ఎంత వస్తే అంతే, ఆ తర్వాత పెద్దగా ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు.

ఇంటికొచ్చాక పేర్రాజు అన్నం మానేశాడు. ఎడంచేత్తో తిననన్నాడు. మాణిక్యం ముద్దలు కలిపి పెడితే పసిపిల్లాణ్ణి చేసేస్తున్నావని విసుక్కున్నాడు. ఆవిడ రోజూ ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నూనె రాసేది, మధ్యలో వేళ్ళని గట్టిగా గిల్లేది.

"తెలుస్తోందాండీ?"

"తెలీట్లేదు."

"ఇక్కడ?"

"లేదన్నానా. ఊరుకో."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చేది. సుభాషిణి షెడ్డులో చేపలకి మేత వేసి, తొట్టె వైపు చూడకుండా వచ్చేసేది. ఇసుక మరిగించే పని అలాగే ఉండిపోయింది.

ఒక పొద్దున్న పేర్రాజు తనని షెడ్డులో కూచోబెట్టమన్నాడు. మాణిక్యం ఆయన్ని ఫైబరు తొట్టె పక్కన స్టూలు మీద కూచోబెట్టింది. ఉక్కగా ఉంది. పడి వేలాడుతున్న ఆ చేతిని చూడలేక, కాస్త చల్లగా ఉంటుందని నీళ్ళలోకి దింపి ఇసుక మీద ఆనించింది. పంపు ఆడుతూనే ఉంది. ఆవిడ ఇటు తిరిగి ఏదో సర్దుకుంటోంది.

"మాణిక్యం" అన్నాడు పేర్రాజు నెమ్మదిగా. "ఇటు చూడు."

చెయ్యి తిరుగుతోంది. వేళ్ళ కిందకి ఇసుక చేరి అరచేతిని పైకి లేపుతోంది, నీళ్ళలో తేలికపడ్డ ఆ చేతిని గుండ్రంగా నడిపిస్తోంది, చివర్లో మణికట్టుని మెత్తగా పక్కకి వంచుతోంది. ఇరవై ఏళ్ళుగా మాణిక్యం చూసిన చెయ్యి, ఆ చెయ్యే.

"సుభా" అని ఆవిడ వేసిన కేకకి వీధిలోవాళ్ళు కూడా తొంగిచూశారు.

ఇక ఆ ఇంట్లో రోజులు పరుగెత్తాయి. పొద్దున్న లేస్తే అందరూ తొట్టె దగ్గరే. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చూసి మొదట నమ్మలేదు, తర్వాత తన చెయ్యి కూడా పెట్టి చూసుకుంది. ఇసుకది పెద్ద బలమేమీ కాదు, చిన్న తోపు మాత్రమే. కాని ఆ తోపు చేతికి బాగా తెలిసిన దారిలో తోస్తోంది. వారం తిరక్కుండా మణికట్టు ఇసుక కన్నా ఒక్క క్షణం ముందే వంగింది. సుభాషిణి కంటితో చూసింది. మరో పది రోజులకి చూపుడువేలు తనంతట తాను ముడుచుకుంది. పేర్రాజు గ్లాసు పట్టుకున్నాడు. పట్టుకున్నట్టు తెలియక వదిలేశాడనుకోండి, గ్లాసు పగిలింది. మాణిక్యం ఆ పెంకులు ఎత్తుతూ, "ఇంకో నాలుగు పగలగొట్టండి, నేను కొనిస్తాను" అంది.

కదలిక వస్తోంది గాని స్పర్శ మాత్రం రాలేదు. ఆవిడ గిల్లడం మానలేదు, ఆయన తెలీట్లేదనడమూ మానలేదు.

ఇటు చేపల సంగతి వేరేగా ఉంది. మూడు మగచేపల్లో ఒకటి ఏ రోగమూ లేకుండానే తేలిపోయింది. కొన్నాళ్ళకి రెండోదీ పోయింది. మిగిలినదానికి బుగ్గల మీద నీలం వెలిసిపోయి బూడిదరంగు వచ్చేసింది. ముసలిదైపోతోంది. ఆడచేపల పొట్టలు గుడ్లతో నిండి ఉన్నాయి, కాని ఈ అదను దాటితే మగచేప మరో అదను చూడదు. గోపీనాథ్ ఫోన్ చేశాడు.

"మీ అన్నయ్యగారి పరిస్థితి నాకు తెలుసమ్మా. ఈ మాట అడగడానికి నాకు నోరు రావట్లేదు. ఇసుక మరిగించారా?"

"లేదండి."

"ఇసుకలో సగం చేపకి, సగం ఆయనకి పెట్టలేమా?"

సుభాషిణి అదీ చూసింది. ఒక బకెట్టు ఇసుక వేరుచేసి నీళ్ళు పోసి చూస్తే అది మామూలు ఇసుకలా చచ్చినట్టు పడుంది. రేణువులన్నీ ఒక్కచోట ఉంటేనే ఆ జ్ఞాపకం. వెనక్కి పోశాక గాని తొట్టె మళ్ళీ తిరగలేదు. ఆ కాసేపూ ఆవిడ ప్రాణం ఆవిడ దగ్గర లేదు.

"మరిగించనండి" అంది ఫోన్లో. "నాకు ఆ చేప కావాలి. దానికోసం ఉద్యోగం వదులుకుని వచ్చాను. కాని మా అన్నయ్య చెయ్యి నాకు ఇంకా ఎక్కువ కావాలి. నన్ను క్షమించండి."

అటునుంచి ఆయన "మీ స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి" అని ఫోన్ పెట్టేశాడు.

వెనక స్టూలు మీద పేర్రాజు ఉన్నాడు. చెయ్యి తొట్టెలోనే ఉంది, తిరుగుతోంది. అంతా విన్నాడు.

"మరిగించడమెందుకు?" అన్నాడు. "చేపని తెచ్చి ఇందులో వదిలెయ్."

"ఇందులో ఉన్నది నీ కడుగుడు అన్నయ్యా. దాని ఇల్లు కాదు."

"ఇది చూడు, మధ్యలో ఎంత కుప్ప పడిందో. నెత్తిన చదును లేదంతే. ఇది పనికిరాదని నువ్వంటున్నావు. దాన్నడిగావా?"

సుభాషిణి కుప్ప వైపు చూసింది. మరచెయ్యితో తను పోయిద్దామనుకున్న కుప్ప తీరుగా, గీసినట్టు ఉంటుంది. ఇది వంకర టింకరగా, ఒక పక్కకి ఒరిగి ఉంది. కాని కుప్పే. ఇన్నాళ్ళూ కళ్ళెదురుగా పెట్టుకుని, చేప ఏమంటుందో చూద్దామన్న ఆలోచనే తనకి రాలేదు. గబుక్కున చేపల వల అందుకోబోయింది. మరుక్షణమే మిగతాది గుర్తొచ్చి నీరుగారిపోయింది.

"కుదరదన్నయ్యా. ఇసుక ఎవరు ఎక్కువ కదిలిస్తే వాళ్ళది నేర్చుకుంటుంది. నువ్వు గంటో రెండు గంటలో చెయ్యి పెడతావు. అది మొదలెట్టిందంటే పొద్దస్తమానం నోటితో మోస్తూనే ఉంటుంది. నీ చెయ్యి చెరిగిపోతుంది. నిదానంగా మొత్తం చెరిగిపోతుంది."

"చెరగనీ."

"చెరగనీ ఏంటండీ?" మాణిక్యం గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ గొంతు అంత గట్టిగా లేవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. "నెల కిందట ఈ చెయ్యి కట్టెపుల్లలా ఉంది. ఇవాళ వేలు ముడుస్తున్నారు. ఇంకో నెలకి ఏమొస్తుందో ఎవరికి తెలుసు? చేప పోతే పోతుంది. నాకు దయలేదనుకోండి, ఏమైనా అనుకోండి. మీకు ముద్ద కలిపి పెట్టేది నేను. రాత్రి మీరు అటు తిరిగి ఏడిస్తే వినేది నేను. ఈ తొట్టెలో చేపని వదలనివ్వను."

పేర్రాజు తొట్టెలోంచి చెయ్యి పైకి తీయించుకుని, ఆవిణ్ణి పక్కన కూచోమన్నాడు.

"చూడు మాణిక్యం. ఈ ఇసుక నాకు ఎన్నాళ్ళు నేర్పినా కడగడమే నేర్పుతుంది. దానికి వచ్చింది అదే. అన్నం ముద్ద నోటిదాకా రమ్మంటే ఈ చెయ్యి రావట్లేదు, గుండ్రంగా తిరుగుతోంది. నిన్న నీ భుజం మీద వేద్దామని చూశాను. తిరిగింది." ఆయన కాస్త ఆగాడు. "ఆ చేప పోయిందంటే నా చెయ్యి కోసం పోయిందని రోజూ ఈ చేతిని చూసుకుని బతకాలి. నావల్ల కాదు. చేపల్ని బతికించి బతికినవాణ్ణి."

మాణిక్యం లేచి వెళ్ళిపోయింది. ఆ పూట వంట చేసింది, వడ్డించింది, ఎవరి మొహమూ చూడలేదు. మర్నాడు పొద్దున్న సుభాషిణి షెడ్డులోకి వచ్చేసరికి వదిన వల పట్టుకుని మగచేప తొట్టె ముందు నిలబడి ఉంది.

"ఎలా పట్టాలో చూపించు" అంది. "నేనే వదులుతాను. రేపు నా మొగుడి చెయ్యి రాకపోతే నిన్ను తిట్టుకోకుండా ఉండాలంటే నా చేత్తోనే వదలాలి."

సుభాషిణి వదినని కావలించుకుని ఏడ్చేసింది.

చేపని వదిలారు. మొదటిరోజు అది తొట్టె మూల నక్కింది. రెండోరోజు కాస్త బయటికొచ్చి, తనంతట తాను తిరుగుతున్న ఇసుకని చూసి మళ్ళీ మూలకి పరిగెత్తింది. ముగ్గురికీ తిండి సయించలేదు. ఆ మర్నాడు సుభాషిణి కాఫీ పట్టుకుని తొట్టె మీదకి వంగి, గ్లాసు అలాగే పట్టుకుని బిగుసుకుపోయింది. చేప కుప్ప ఎక్కింది. ఒరిగిన పక్కన ఒక నోటెడు ఇసుక తీసింది. అవతలి పక్కకి తీసుకెళ్ళింది. ఉమ్మింది.

"అన్నయ్యా" అంది. "సర్దుతోంది. నీ కుప్ప వంకర సర్దుతోంది."

"నేనేం మేస్త్రీనా? ఏదో తెలిసినంత పోశాను" అన్నాడు పేర్రాజు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి.

ఆ తర్వాత దానికి పట్టపగ్గాల్లేవు. తీస్తుంది, మోస్తుంది, ఉమ్ముతుంది, వెనక్కి జరిగి చూసుకుంటుంది, నచ్చక మళ్ళీ తీస్తుంది. కుప్ప నిటారయింది. నెత్తి చదునయింది. చదును చుట్టూ చిన్న అంచు కూడా లేచింది. ఏ తండ్రీ నేర్పని పని అది. బూడిదరంగు పోయి బుగ్గల మీద నీలం పొంగింది, తెల్లబట్టలకి వేసే నీలిమందు రంగు. గోపీనాథ్ మొదటి బండి పట్టుకుని వచ్చేశాడు. ఆడచేపల్ని వదిలారు. మొదటిది చూసి మొహం తిప్పుకుంది. మాణిక్యం దాన్ని తిట్టిపోసింది. రెండోది అరుగు చుట్టూ ఒకసారి తిరిగింది, ఇంకోసారి తిరిగింది, ఎక్కి కూచుంది. గుడ్లు పెట్టింది, పెట్టినవి పెట్టినట్టే నోట్లోకి తీసుకుంది. దాని గొంతు కింద సంచి ఉబ్బింది. గోపీనాథ్ పెద్దమనిషి, చొక్కా చివరతో కళ్ళు తుడుచుకుంటూ షెడ్డు బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

ఈ సంబరం నడుస్తున్నన్నాళ్ళూ పేర్రాజు పొద్దున్నే వచ్చి కుప్పకి దూరంగా, తొట్టె చివర చెయ్యి పెట్టేవాడు. మొదట్లో ఇసుక ఆయన్ని పూర్తి సుడి తిప్పేది. తర్వాత సగం. తర్వాత మణికట్టు దగ్గర చిన్న కదలిక. ఆడచేప నోట్లో పిల్లలు కదులుతున్నాయని సుభాషిణి చూసి చెప్పిన పొద్దున, ఆయన చెయ్యి ఇసుక మీద ఊరికే పడి ఉంది. కాసేపు చూశాడు. ఇసుక కదల్లేదు.

"అయిపోయింది" అన్నాడు.

మాణిక్యం పక్కనే కూచుని ఉంది. ఆయన భుజానికి తల ఆనించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుభాషిణికి వాళ్ళ వైపు చూసే ధైర్యం లేకపోయింది. పిల్లలు బతికినందుకు ఎగిరి గంతెయ్యాలని ఉంది, అన్నయ్య కాళ్ళ మీద పడాలని ఉంది. రెండూ చెయ్యలేక పంపు దగ్గర వైరు ఊడిందో లేదో చూస్తున్నట్టు వంగుని నిలబడింది.

ప్రవాహానికి ఆయన చెయ్యి నెమ్మదిగా జరిగి కుప్ప వైపు వెళ్ళింది. ఎవరూ గమనించలేదు. చేప గమనించింది. ముసలి మగచేప, బుగ్గలు నీలంగా ఉబ్బించుకుని, రెక్కలు నిక్కబొడిచి, తన ఇంటి మీదకి వచ్చిన ఆ పెద్ద చేతిని ఒక్క క్షణం చూసి, దూసుకొచ్చి చూపుడువేలి కొస పట్టుకుని పీకింది.

"అబ్బా" అన్నాడు పేర్రాజు.

చెయ్యి ఎగిరి నీళ్ళలోంచి బయటికి వచ్చేసింది. నీళ్ళు ముగ్గురి మీదా పడ్డాయి. దాన్ని ఇసుక తోయలేదు, మాణిక్యం ఎత్తలేదు. అది గుండ్రంగా కూడా తిరగలేదు, సూటిగా ఆయన గుండెల దగ్గరికి వచ్చి ఆగింది.

మాణిక్యం ఆయన భుజం మీదనుంచి తలెత్తింది.

"ఏమన్నారు?" అంది మాణిక్యం.

ఆయన తన వేలికేసి చూసుకుంటున్నాడు.

"ఏమన్నారండీ ఇప్పుడు?"

"నొప్పి" అన్నాడు పేర్రాజు. "మాణిక్యం, నొప్పిగా ఉందే."

ఆవిడ ఆ వేలు గబుక్కున పట్టుకోబోయింది. ఆయన పట్టుకోనివ్వలేదు. ఎడంచేత్తో కుడిచేతిని ఎత్తి, మళ్ళీ నీళ్ళలోకి దింపి, జాగ్రత్తగా కుప్ప పక్కకి జరిపాడు.

"ఉండు" అన్నాడు. "ఇంకోసారి కరవనీ."